‘అమ్మకు చెప్పకు’ అనే మాట గురించి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. రాత్రంతా అదే ఆలోచన. పెద్దవాడికి ఏడేళ్లు, చిన్నదానికి నాలుగు, ఇద్దరూ ఫోను వదలడం లేదు, ఏం చేస్తే క్షేమంగా ఉంటారు పెద్దమ్మా అన్నావు. ముప్ఫై రెండేళ్లు పిల్లలకు అక్షరాలు దిద్దించినదాన్ని కనుక నాకు తెలిసే ఉంటుందని నీ నమ్మకం. కానీ ఈ విషయంలో నాకు పాఠం చెప్పినవాడు మా మనవడు. ముందు వాడి సంగతి రాస్తాను.

రెండేళ్ల కిందట వేసవి సెలవులకు వచ్చాడు. అప్పటికి తొమ్మిదేళ్లు. మధ్యాహ్నం ఎండలో బయటికి పంపలేక నా ఫోను చేతికిచ్చేదాన్ని. ఏదో ఆట ఆడుకునేవాడు. ఆ ఆటలోనే ముక్కూమొహం తెలియనివాళ్లతో మాట్లాడుకునే వీలుందని నాకు తెలియదు. అవతల ఎవరో తనకు పన్నెండేళ్లని చెప్పి, ఆటలో పనికొచ్చే నాణేలు వీడికి కానుకగా పంపాడు. తర్వాత ఏ ఊరు, ఏ బడి అని అడిగాడు. వారం తిరగకముందే చొక్కా విప్పి ఫోటో తీసి పంపమన్నాడు. వీడు పంపలేదు. అలాగని మాతోనూ చెప్పలేదు. మూడు రోజులు అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికాడు. నేను వడదెబ్బేమో అనుకుని మజ్జిగ తాగించాను. నాలుగో రాత్రి నా పక్కలో పడుకుని, చీకట్లో, “అమ్మమ్మా, ఫోను లాక్కోనంటే ఒకటి చెబుతాను” అన్నాడు.

అమ్మాయీ, ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లో వినిపిస్తుంది. వాడికి ఆ దుర్మార్గుడి కన్నా మన కోపమంటేనే ఎక్కువ భయం. అంతకు ముందు నెల వాడు తెలియక ఏదో ప్రకటన మీద నొక్కితే, ఇంట్లో అందరం కేకలేసి వారం పాటు ఫోను దాచేశాం. నిజం చెబితే ఏమవుతుందో వాడికి అప్పుడే తెలిసిపోయింది. పిల్లలను వలలో వేసుకునేవాళ్లు ఆధారపడేది సరిగ్గా ఈ భయం మీదే. “మీ అమ్మకు తెలిస్తే తిడుతుంది, ఫోను తీసేస్తుంది” అని వాళ్లే గుర్తు చేస్తారు.

అందుకని తాళాలు, గడియల గురించి ఆలోచించే ముందు నీ పిల్లలకు ఒక మాట ఇవ్వు. ఫోనులో ఏం చూసినా, ఎవరేం అడిగినా, తప్పు తనదే అయినా, వచ్చి చెప్పినందుకు తిట్టనని, ఫోను తీసుకోనని. ఇచ్చాక నిలబెట్టుకో. కష్టమే. వాడు చెప్పే మొదటి విషయం వినగానే నీ గుండె జారిపోతుంది, నోరు దానంతటదే లేస్తుంది. ఆ క్షణం ముఖంలో కూడా ఏమీ కనపడనివ్వకు. “చెప్పి మంచి పని చేశావు నాన్నా” అని, ఆపైన గ్లాసుడు నీళ్లు తాగు. ఆటను మార్చాలన్నా, సమయం తగ్గించాలన్నా రెండు రోజులు ఆగి, మామూలు వేళలో మాట్లాడు. చెప్పినందుకు శిక్ష పడిందని వాడికి అనిపించకూడదు.

రెండోది, మేము బడిలో ఒకటో తరగతి నుంచే చెప్పిన మాట. ఎవరైనా ఏదైనా ఇచ్చి “అమ్మకు చెప్పకు” అంటే, చెప్పవలసింది సరిగ్గా ఆ సంగతే. బడి గేటు దగ్గర పిప్పరమెంటు ఇచ్చేవాడికీ, ఆటలో నాణేలు పంపేవాడికీ ఇందులో తేడా లేదు. ఒకసారి ఒక పిల్ల నన్ను అడిగింది, “మరి నాన్న పుట్టినరోజుకు చీటీ తయారు చేసి ఆయనకు చెప్పకపోతే తప్పా టీచర్?” అని. అలాంటిదాన్ని విప్పే రోజు ఒకటి ఉంటుంది, ఆ రోజు అందరూ నవ్వుతారు. ఎప్పటికీ చెప్పవద్దనే గుట్టు వేరు. నాలుగేళ్ల చిన్నదానికి కూడా ఈ తేడా అర్థమవుతుంది, ఆటలా రెండు మూడుసార్లు చెబితే చాలు.

ఇక ఫోను సంగతి. వాళ్ల చేతికిస్తున్నది నీ ఫోనే కదా, అందులో బ్యాంకు సందేశాలు, డబ్బు పంపే యాప్‌లు అన్నీ ఉన్నాయి. పిన్ వాళ్ల ముందు నొక్కకు, ప్లే స్టోర్‌లో ఏది కొనాలన్నా ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టు. మామూలు యూట్యూబ్ వద్దు. యూట్యూబ్ కిడ్స్‌లో నువ్వు ఎంచి పెట్టినవి మాత్రమే కనపడేలా చేసే ఏర్పాటు ఉంది, చిన్నదానికి అదే వాడు. పెద్దవాడికి ఎప్పుడైనా వేరే ఫోను ఇస్తే, అందులో వాడి పేరున ఖాతా తెరిచి, పిల్లల ఫోనును పెద్దవాళ్లు అదుపులో ఉంచే ఫ్యామిలీ లింక్ అనే గూగుల్ యాప్‌తో నీ ఫోనుకు కలిపితే, కొత్త యాప్ ఏది వేసుకోవాలన్నా నీ అనుమతి అడిగేలా పెట్టవచ్చు. మీ ఆయన్ని కూర్చోబెట్టి ఒక ఆదివారం పూట ఈ పనులన్నీ పూర్తి చేయించు. చూసేది హాల్లోనే, చెవిలో ఏమీ పెట్టుకోకుండా, శబ్దం బయటికి వినపడేలా చూడాలి. వంటింట్లో ఉన్నా గొంతు మారితే నీకు తెలుస్తుంది. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట దాటకూడదని, తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. అన్నం తినేటప్పుడు ఫోను చూపించడం మానెయ్యి. నాలుగు రోజులు ఏడుస్తుంది, ఐదో రోజు తింటుంది.

ఫోటోల గురించి మన పెద్దవాళ్లకే చెప్పాలి. పాపకు లాల పోస్తున్న ఫోటో, బడి పేరు కనిపించే యూనిఫాం ఫోటో మురిపెంగా స్టేటస్‌లో పెట్టేస్తాం. నేనూ పెట్టాను. మనవడి సంగతి జరిగాక ఒక్కొక్కటీ వెతికి తీసేశాను. మీ అత్తగారికి నువ్వు చెబితే నొచ్చుకుంటారేమో, నేను మాట్లాడతాను.

ఎంత జాగ్రత్తపడ్డా జరగరానిది జరిగితే, కంగారులో ఆ సంభాషణ చెరిపేయకు. మేము చేసిన తప్పు అదే. కోపంతో ఆటను తీసేశాం, అవతలివాడి పేరు కూడా దానితోనే పోయింది, పోలీసులకు చూపడానికి ఏమీ మిగలలేదు. ముందు ఆ మాటలు, పేరు, తేదీ కనపడేలా స్క్రీన్ ఫోటోలు తీసుకుని, అప్పుడు వాణ్ణి బ్లాక్ చెయ్యి. కానీ అందులో పిల్లల అసభ్య చిత్రం ఏదైనా ఉంటే దాన్ని ఫోటో తీయకు, సాక్ష్యమని చెప్పి కూడా ఎవరికీ పంపకు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అలాంటివి పంచడం నేరం. ఫోనును అలాగే పోలీసుల దగ్గరికి తీసుకువెళ్లు. పిల్లల సహాయానికి 1098, సైబర్ నేరాలకు 1930. రెండు ఫోను నంబర్లూ పెద్దవాడి చేతే రాయించి ఫ్రిజ్ మీద అతికించు. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో పిల్లల మీద జరిగే నేరాలకు మన పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు. పరువు పోతుందని ఊరుకుంటే వాడు ఇంకో ఇంటి పిల్లవాడి దగ్గరికి పోతాడు.

ఈ ఉత్తరం మీ ఆయనకు కూడా చదివి వినిపించు. నువ్వు ఒక్కదానివి మాట ఇచ్చి, ఆయన కేకలేస్తే పిల్లవాడు ఇద్దరినీ నమ్మడు. ఈ రాత్రి భోజనాలయ్యాక పెద్దవాణ్ణి మధ్యలో కూర్చోబెట్టుకుని ఇద్దరూ చెప్పండి. వాడేమన్నాడో రేపు నాకు ఫోను చెయ్యి.

నీ పెద్దమ్మ