కమిటీలో వేశారట, ముందు ఇది చదువు

చిరంజీవి మేనల్లుడికి దీవెనలు.

మీ ఊరి చరిత్ర పరిరక్షణ కమిటీలో నిన్ను వేశారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. గుడి పక్క వీధిలో ఎవరో పునాది తవ్వుతుంటే నువ్వెళ్లి పని ఆపమని గొడవపడ్డావని కూడా చెప్పింది. అందుకే ఈ ఉత్తరం.

ఒరే, పని ఆపించే అధికారం మీ కమిటీకి లేదు. చూడడం, ఫొటో తీయడం, ఎవరికి రాయాలో వాళ్లకి రాయడం వరకే మీ పని. కాబట్టి ముందు ఆ గుడి ఎవరి కింద ఉందో కనుక్కో. ముఖలింగం గుళ్లు, శాలిహుండం బౌద్ధ స్తూపాలు కేంద్ర పురావస్తు శాఖవి. వాటికి పాత కట్టడాల రక్షణకి 1958లో వచ్చిన కేంద్ర చట్టం. రాష్ట్ర శాఖ కింద ఉన్నవాటికి 1960 నాటి రాష్ట్ర చట్టం. ఒకదాని రూలు ఇంకోదానికి అంటగట్టకు. వెయ్యేళ్ల గుడైనా రక్షిత కట్టడమని ఏ ప్రభుత్వ గెజిట్‌లోనూ ఎక్కకపోతే ఈ రెండు చట్టాలూ దాన్ని కాపాడవు. ఇంటి ప్లాన్ సంగతి పంచాయతీ చూసుకోవాల్సిందే.

కేంద్రం కింద ఉన్న కట్టడమైతే చుట్టూ వంద మీటర్ల లోపు కొత్తగా కట్టకూడదు. ఆపైన ఇంకో 200 మీటర్లలో అనుమతితో కట్టుకోవచ్చు. ఆ వంద ఎక్కణ్ణుంచి కొలవాలో తెలుసా? నాకూ తెలిసేది కాదు. సర్వేలో ఉండగా ఒకాయన అడిగితే గర్భగుడి గోడకి టేపు ఆనించి కొలిచాను. 112 వచ్చింది, కట్టుకో బాబూ అన్నాను. తర్వాత శాఖవాళ్లొచ్చి రక్షిత స్థలం హద్దు రాయి దగ్గర టేపు పెట్టారు. 91! వేసిన పునాది తీయించారు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిడితే బాగుండేది. గెజిట్‌లో సర్వే నంబరు, విస్తీర్ణం చదవకుండా టేపు పట్టుకోకు.

ఇంకో సంగతి, జనానికి లేనిపోని టెన్షన్ పెట్టకండి. ఆ వంద మీటర్లలో ఇంటి కప్పు కారుతున్నా ముట్టుకోకూడదని మనవైపు చాలామంది అనుకుంటారు. తప్పు. 1992 జూన్ 16కి ముందు నుంచీ ఉన్న ఇల్లయితే మరమ్మతుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ కాగితం ఢిల్లీలో జాతీయ కట్టడాల సంస్థ దాకా వెళ్లి రావాలి, ఓపిక కావాలి. కాలవలు శుభ్రం చేసుకోవడం ఎలాగూ నిర్మాణం కిందికి రాదు. రూలు మీరి కట్టినవాడికి రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అది తేల్చేది కోర్టు. శాఖవాళ్లే శిక్ష వేయలేరు, ఇక నువ్వెంత!

అర్చకుల జోలికి వెళ్లొద్దు. పూజలు జరిగే గుడిలో కట్టడం బాగోగులు చూడడం వరకే పురావస్తు శాఖ పని, హుండీ, ఉత్సవం వాళ్లవి కావు.

మీ చెరువుగట్టు మీది శాసనం రాయి ఏ జాబితాలోనూ లేదన్నావు కదా, అసలు మీ కమిటీకి పని అక్కడుంది. ప్రభుత్వం ఒకదాన్ని రక్షిత జాబితాలో చేర్చాలంటే ముందు గెజిట్‌లో వేసి, రెండు నెలలు అభ్యంతరాలకి టైమివ్వాలి. ఆ రాయి ఎవరి స్థలంలో ఉందో వాళ్లతో ఇప్పుడే మంచిగా మాట్లాడి ఉంచు, అప్పుడు అడ్డు రారు. దాని మీద సున్నం కొట్టకుండా చూడు, అక్షరాలు కనపడాలంటే సాయంత్రం ఏటవాలు ఎండలో ఫొటో తియ్యి. గిడుగు రామమూర్తి పంతులుగారు ముఖలింగం శాసనాలు చదివింది ఏ కమిటీలో ఉండి? పర్లాకిమిడిలో బడి పంతులాయన.

పునాది తవ్వినాయన ఇంటికి వెళ్లి, మొన్న అరిచినందుకు ఏమనుకోవద్దని చెప్పి రా. ఆదివారం నేనొస్తాను. గెజిట్ కాపీ, సర్వే మ్యాపు తీసి ఉంచు. నా పాత 30 మీటర్ల టేపు ఇంకా ఉంది, మొదట్లో రెండంగుళాలు తెగింది గానీ పనికొస్తుంది.

మీ మావయ్య