చలి ప్రాంతాల గడ్డి శీతాకాలం కోసం ఆహారాన్ని ఎక్కడ దాచుకుంటుంది?

రైగ్రాస్, ఫెస్క్యూ, తిమోతీ వంటి చలిని ఇష్టపడే గడ్డి జాతులు తమ ఆహారాన్ని ప్రధానంగా నేలను ఆనుకుని ఉండే కాడల మొదళ్లలో, వాటిని చుట్టి ఉండే ఆకు తొడుగుల్లో దాచుకుంటాయి. వేళ్లలో ఉండేది తక్కువే.

శరదృతువులో ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి పడిపోతే ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. కిరణజన్య సంయోగక్రియ మాత్రం నెమ్మదిగానైనా సాగుతూనే ఉంటుంది. ఖర్చు తగ్గినా రాబడి ఆగలేదు కాబట్టి చక్కెర మిగులుతుంది. ఆ చక్కెరను, అంటే సుక్రోజ్‌ను, మొక్క ఫ్రక్టాన్లుగా, అంటే ఫ్రక్టోజ్ అనే చక్కెర అణువుల గొలుసులుగా మార్చి కణాల్లోని రిక్తికల్లో, అంటే కణం లోపలి సంచుల్లో నింపుకుంటుంది. స్టార్చ్‌లా కాకుండా ఫ్రక్టాన్లు నీటిలో కరుగుతాయి, గట్టి చలిలోనూ తయారవుతాయి.

శీతాకాలమంతా శ్వాసక్రియకు ఈ నిల్వే కొద్దికొద్దిగా ఖర్చవుతుంది. అందులో కొంత చిన్న చక్కెరలుగా విడిపోయి కణద్రవం త్వరగా గడ్డకట్టకుండా చూస్తుంది, కణత్వచాలను కాపాడుతుంది. ఒకే నిల్వ ఇటు ఆకలినీ అటు చలినీ ఎదుర్కోవడం నిజంగా అద్భుతం! వసంతంలో కొత్త ఆకులు విచ్చుకునే వరకు చిగురుకు పెట్టుబడి కూడా ఇదే.

తిమోతీ గడ్డిలో ఇది కంటికే కనిపిస్తుంది: కాడ అడుగుభాగం చిన్న ఉల్లిగడ్డలా ఉబ్బి ఉంటుంది. అదే దాని గాదె.

నిల్వంతా వేళ్లలో భద్రంగా ఉందని చాలామంది పొరబడి, చలికి ముందు గడ్డిని నేలమట్టంగా కోసేస్తారు, లేదా పశువులను మేపేస్తారు. అలా చేస్తే పోయేది ఆకు ఒక్కటే కాదు, గాదె కూడా. అందుకే ఆఖరి కోతలో నాలుగు చేతివేళ్ల వెడల్పంత ఎత్తు మోడునైనా వదలాలి.