ఫ్రెడ్ కీనర్ రికార్డు చదివేటప్పుడు చూడాల్సినవి

మీ ప్రశ్నలు రెండు. 1920లలో అంత పేరున్న వేల్స్ ఫుట్‌బాల్ కెప్టెన్ ఫ్రెడ్ కీనర్ దేశం తరఫున ఆడినవి 32 మ్యాచ్‌లేనా? అతని క్లబ్ మ్యాచ్‌ల లెక్క ఒక్కో పట్టికలో ఒక్కోలా ఎందుకుంది? రెండింటికీ జవాబు అప్పటి నిబంధనల్లో ఉంది.

ముందు క్లబ్ లెక్క. కీనర్ 1894లో కార్డిఫ్‌లో పుట్టి, 1912లో సొంతూరి క్లబ్ కార్డిఫ్ సిటీలో ప్రొఫెషనల్‌గా చేరాడు. అప్పటికది సదరన్ లీగ్ క్లబ్, అంటే ప్రధాన పోటీ అయిన ఫుట్‌బాల్ లీగ్ బయటిది. 1915 నుంచి 1919 దాకా మొదటి ప్రపంచ యుద్ధం వల్ల మామూలు లీగ్ పోటీలు ఆగిపోయాయి. కీనర్ మిడిల్‌సెక్స్ రెజిమెంట్ 17వ బెటాలియన్‌లో చేరాడు. ఆటగాళ్లు ఎక్కువగా చేరినందుకు దాన్ని ఫుట్‌బాల్ బెటాలియన్ అనేవారు. 1916లో సోమ్ యుద్ధంలో కాలికి గాయమైంది. కార్డిఫ్‌ను ఫుట్‌బాల్ లీగ్‌లోకి తీసుకున్నది 1920లో, అంటే కీనర్‌కి 26 ఏళ్ల వయసులో. అందుకే 370కి దగ్గరగా కనిపించే అంకె ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్‌లది మాత్రమే. సదరన్ లీగ్, కప్ మ్యాచ్‌లు కలిపితే 500 దాటుతుంది. రెండూ సరైనవే. ఏ అంకె చూసినా అందులో ఏ పోటీలు కలిపారో ముందు చూసుకోండి.

జీతం అడగలేదు గానీ, అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. 1922 నుంచి లీగ్‌లో ఎంత గొప్ప ఆటగాడికైనా గరిష్ఠ వేతనం సీజన్‌లో వారానికి 8 పౌండ్లు, వేసవిలో 6. సీజన్ 37 వారాలు, వేసవి 15 వారాలు. అంటే ఏడాదికి 386 పౌండ్లు. గెలిస్తే 2, డ్రా అయితే 1 పౌండు బోనస్. ఇది పైకప్పు మాత్రమే, ఇంతా ఇచ్చి తీరాలన్న రూలేమీ లేదు. ఆటగాడి రిజిస్ట్రేషన్ (లీగ్‌లో ఆడే నమోదు) క్లబ్ చేతిలో ఉండేది కాబట్టి, క్లబ్ ఒప్పుకుని పంపితే తప్ప లీగ్‌లో ఇంకో క్లబ్‌కి ఆడటానికి దారి లేదు. 1928లో డేవిడ్ జాక్ కోసం ఆర్సెనల్ 10,000 పౌండ్లకు పైగా బోల్టన్‌కి చెల్లించినా, అతని వారం జీతం ఆ 8 పౌండ్ల గీత దాటడానికి వీల్లేదు. కీనర్ 1931 దాకా ఒకే క్లబ్‌లో ఉన్నాడంటే విధేయత ఒక్కటే కారణమని అనుకోకండి. వెళ్లినా చట్టబద్ధంగా పెరిగేదేమీ లేదు.

ఇక 1923-24 సీజన్. కార్డిఫ్, హడర్స్‌ఫీల్డ్ రెండూ 57 పాయింట్లతో ముగించాయి. అప్పట్లో సమానమైతే గోల్ యావరేజ్ చూసేవారు: వేసిన గోల్స్‌ని ఇచ్చిన గోల్స్‌తో (ప్రత్యర్థులు తమపై వేసినవాటితో) భాగించాలి. హడర్స్‌ఫీల్డ్ 60ని 33తో భాగిస్తే 1.818. కార్డిఫ్ 61ని 34తో భాగిస్తే 1.794. టైటిల్ హడర్స్‌ఫీల్డ్‌ది. ఇప్పటిలా తీసివేత చేస్తే ఇద్దరికీ 27 వచ్చేది, ఒక గోల్ ఎక్కువ వేసినందుకు కార్డిఫ్ ఛాంపియన్ అయ్యేది. అసలు అంతదాకా పోనక్కర్లేదు. చివరి రోజు బర్మింగ్‌హామ్‌లో 0-0గా ముగిసిన మ్యాచ్‌లో కార్డిఫ్ ఆటగాడు లెన్ డేవిస్ పెనాల్టీ పోగొట్టాడు. అది పడితే 58 పాయింట్లు, గొడవే లేదు. భాగహారంలో తక్కువ గోల్స్ ఇచ్చిన జట్టుకే మొగ్గు. ఆ కాలపు జట్ల రికార్డుల్లో "ఇచ్చినవి" అన్న గడి ముందు చూడమనేది అందుకే.

1925లో ఆఫ్‌సైడ్ నిబంధన (బంతి అందుకునేవాడు ప్రత్యర్థి గోల్‌కి మరీ దగ్గరగా ముందే కాచుకోకూడదన్నది) మారింది. అంతకుముందు ఆటగాడికీ గోల్ లైన్‌కీ మధ్య ముగ్గురు ప్రత్యర్థులుండాలి, తర్వాత ఇద్దరు చాలు. ఫస్ట్ డివిజన్‌లో మొత్తం గోల్స్ ఒక్క ఏడాదిలో 1,192 నుంచి 1,703కి ఎగబాకాయి. కీనర్ లాంటి హాఫ్‌బ్యాక్‌లకు (డిఫెన్స్‌కీ ముందువరుసకీ మధ్య ఆడేవాళ్లకు) ఇది పెద్ద దెబ్బ. ముందుకెళ్లి ఆట నడిపేవాళ్లు వెనక్కి తగ్గి కాపు కాయాల్సి వచ్చింది. ముప్పై దాటాక ఆ మార్పుకి అలవాటుపడి జట్టును నడిపించడమే నా దృష్టిలో అతని అసలు గొప్పతనం.

దానికి రుజువు 1927 ఏప్రిల్ 23, వెంబ్లీ. ఇంగ్లండ్ నాకౌట్ పోటీ ఎఫ్ఏ కప్ ఫైనల్లో కార్డిఫ్ ఆర్సెనల్‌పై 1-0తో గెలిచింది. హ్యూయీ ఫెర్గూసన్ కొట్టిన బంతిని ఆర్సెనల్ గోల్‌కీపర్ డాన్ లూయిస్ పట్టుకున్నట్టే పట్టుకున్నాడు. అది చంక కిందుగా జారింది, మళ్లీ అందుకోబోతే మోచేయి తగిలి గీత దాటింది. లూయిస్ కూడా వేల్స్ వాడే! గెలిచిన పదకొండు మందిలో వేల్స్ వాళ్లు కీనర్, లెన్ డేవిస్, ఎర్నీ కర్టిస్ ముగ్గురే. మిగతావాళ్లు నలుగురు ఐర్లండ్, ముగ్గురు స్కాట్లండ్, ఒకరు ఇంగ్లండ్. ఆ కప్పు ఇంగ్లండ్ దాటి వెళ్లింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు 32 సంగతి. అప్పట్లో వేల్స్‌కి ఏడాదికి మ్యాచ్‌లు మూడే: ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్‌తో. 1928లో బ్రిటిష్ సంఘాలు ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నుంచి బయటికొచ్చాయి కాబట్టి 1930 ప్రపంచ కప్ ప్రసక్తే లేదు. ఫ్రాన్స్‌తో ఆడటానికి పారిస్ వెళ్లింది 1933లో, కీనర్ శకం ముగిశాక. 1920 నుంచి 1932 దాకా చూస్తే, ఉన్న మ్యాచ్‌లలో నాలుగింట మూడు వంతులు ఆడినట్టే. పైగా ఆటగాణ్ణి పంపాలా వద్దా అన్నది క్లబ్ ఇష్టం. 1930 అక్టోబరులో ఇంగ్లిష్ లీగ్ క్లబ్బులు ఆటగాళ్లను వదలకపోవడంతో, కొత్తవాళ్లనూ చిన్న జట్ల వాళ్లనూ పోగేసుకుని కీనర్ గ్లాస్గోలోని ఐబ్రాక్స్‌కి వెళ్లాడు. టామీ బామ్‌ఫర్డ్ మొదట్లోనే గోల్ వేశాడు, స్కాట్లండ్ సమం చేసి 1-1తో ముగించింది. ఊరూ పేరూ తెలియని ఆ జట్టుతో ఇంటి మైదానంలో స్కాట్లండ్‌ని ఆపడం మామూలు విషయం కాదు.

చివరి సంవత్సరాల అంకెలు చూసి అతని ఆట ఒక్కసారిగా పడిపోయిందనుకోకండి. 1928-29లో ఫస్ట్ డివిజన్‌లో అందరికన్నా తక్కువ గోల్స్ ఇచ్చింది కార్డిఫే, 42 మ్యాచ్‌లలో 59. వేసినవి 43 మాత్రమే కావడంతో అట్టడుగున నిలిచి కింది డివిజన్‌కి పోయింది. డిఫెన్స్ చేయాల్సింది చేసింది, ముందువరుసే చేతులెత్తేసింది. 1931లో థర్డ్ డివిజన్‌కి జారాక కీనర్ క్రూ అలెగ్జాండ్రాకి మారాడు. 370 అన్న అంకెలో క్రూ మ్యాచ్‌లు ఉండవు, కాబట్టి కెరీర్ మొత్తం లీగ్ లెక్క కావాలంటే అవి విడిగా కలుపుకోవాలి. తర్వాత ఆస్వెస్ట్రీ టౌన్, టన్‌బ్రిడ్జ్ వెల్స్ రేంజర్స్‌కి ఆడినవి ఫుట్‌బాల్ లీగ్ బయటివి, వాటిని ఇందులో కలపకండి.