బీపీ ఉన్న గర్భిణికి ప్లేట్‌లెట్లు పదే పదే ఎందుకు చూస్తారు?

మీ చెల్లికి ఎనిమిదో నెల, బీపీ 150/100, ప్లేట్‌లెట్లు 1.3 లక్షలు, ప్రమాదమా అని అడిగారు.

ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటీ చూసి టెన్షన్ పడకండి. మామూలుగా 1.5 లక్షల పైన ఉంటాయి, నెలలు నిండేకొద్దీ కొంచెం తగ్గడం బీపీ లేనివాళ్లలోనూ ఉంది. కానీ ప్రీ ఎక్లాంప్సియాలో, అంటే గర్భిణికి బీపీ పెరిగి తరచూ మూత్రంలో ప్రొటీన్ కూడా పోయే జబ్బులో, రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. దెబ్బతిన్న చోటల్లా ప్లేట్‌లెట్లు అతుక్కుని ఖర్చయిపోతాయి. అందుకే మొన్నటి రిపోర్టుకూ ఇవాళ్టి రిపోర్టుకూ తేడా చూడాలి. లక్ష కంటే దిగితే, మూత్రంలో ప్రొటీన్ లేకపోయినా సరే, జబ్బు ముదిరినట్టే లెక్క.

ఎర్రకణాలదీ ఇదే కథ. పాడైన సన్న నాళాల్లో ఒరుసుకుని చిట్లిపోతాయి. మైక్రోస్కోప్ కింద గుండ్రటి బిళ్లల మధ్య పగిలిన గాజుపెంకుల్లా కనిపిస్తాయి. దీనికి లివర్ ఎంజైమ్‌లు పెరగడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం తోడైతే అది హెల్ప్ సిండ్రోమ్, తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణాపాయం.

హిమోగ్లోబిన్ బాగుందని మాత్రం నిశ్చింతగా ఉండొద్దు. నీరు నాళాల్లోంచి బయటికి ఊరి రక్తం చిక్కబడినా ఆ అంకె పెరుగుతుంది.

ఆ బీపీకి డాక్టరు పర్యవేక్షణ ఎలాగూ తప్పనిసరి. తగ్గని తలనొప్పి, మసక చూపు, కుడి పక్కటెముకల కింద నొప్పి వస్తే అర్ధరాత్రైనా ఆసుపత్రికి తీసుకెళ్లండి.