మారు అడగని ఇంట్లో ఒక ఏడాది

ప్రశ్న: మాది గుంటూరు, లక్ష్మీపురం. మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. ఏడాదిన్నరగా ఆన్‌లైన్‌లో జర్మన్ నేర్చుకుని ఏ2 (భాషలో రెండో మెట్టు) పరీక్ష పాసైంది. పదో తరగతి కాగానే ఒక ఏడాది జర్మనీలో ఓ కుటుంబంతో ఉండి, అక్కడి బడిలో చదివి వస్తానంటోంది. చదువు వెనకబడుతుందని మావారు, పరాయి ఇంట్లో ఆడపిల్లను ఎలా ఉంచుతారని మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. నాకు మాత్రం పంపాలనే ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: పంపమనే చెబుతానమ్మా. అయితే ఈ మూడు నాలుగు నెలల్లో మీ ఇంట్లో ఒక పని జరగాలి. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు మీవారి సందేహం తీరుద్దాం.

అక్కడ చదివిన ఏడాదిని ఇక్కడ ఇంటర్ మొదటి సంవత్సరంగా లెక్కగట్టరనే అనుకోండి. తిరిగి వచ్చాక తనకన్నా ఏడాది చిన్నవాళ్లతో కలిసి మొదటి సంవత్సరంలో చేరాలి. అంతకు మించిన నష్టమేమీ లేదు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు వరుసగా రెండేళ్లలో రెండు అవకాశాలుంటాయి. ఆ లెక్క పన్నెండో తరగతి పరీక్ష మొదటిసారి రాసిన ఏడాదితో మొదలవుతుంది కాబట్టి, పదో తరగతి తర్వాత వచ్చిన విరామం అందులోకి రాదు. నీట్ రాయడానికి ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండితే చాలు. ఇంటర్ రెండేళ్ల మధ్యలో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పంపవద్దు. అక్కడి బడులు రాష్ట్రాన్ని బట్టి ఆగస్టు, సెప్టెంబరులో తెరిచి జూన్, జులైలో మూస్తారు. మన కాలేజీలు జూన్‌లోనే మొదలవుతాయి. కొన్ని వారాలు ఆలస్యంగా చేర్చుకుంటారా అని కాలేజీవారిని ఇప్పుడే అడిగి, మాట తీసుకోండి.

మీ అత్తగారి భయాన్ని చాదస్తమని కొట్టిపారేయకండి. ఆవిడ అడగవలసిందే అడుగుతున్నారు. ఈ పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. ఇలా పిల్లలను పంపే సంస్థల్లో ఒకటి ఏఎఫ్ఎస్. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడినవారిని మోసిన అమెరికన్ అంబులెన్స్ స్వచ్ఛంద సేవకుల సంస్థ అది. రెండో యుద్ధం ముగిశాక, 1947 నుంచి అది బడిపిల్లల మార్పిడి మొదలుపెట్టింది. రోటరీ క్లబ్బులు కూడా 15 నుంచి 19 ఏళ్ల పిల్లలను ఇలా పంపుతాయి. ఏడాదిలో ఒకటికి మించి కుటుంబాల్లో ఉంచడం వారి ఆనవాయితీ. ఇలాంటి సంస్థల్లో ఆతిథ్యమిచ్చే ఇంటివారు అద్దె పుచ్చుకోరు. ఇష్టపడి ఒక బిడ్డను ఇంట్లో చేర్చుకుంటారు. డబ్బు తీసుకుని గదీ భోజనమూ ఇచ్చే ఏర్పాటు వేరు. ఎవరైనా ఏజెంటు ఆ రెండింటినీ కలిపి మాట్లాడితే అక్కడికక్కడే లేచి వచ్చేయండి.

అమెరికా వెళ్లే పిల్లల విషయంలో ఆ ఇంట్లోని పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి ఒక్కరి నేరచరిత్రనూ పరిశీలించాలని అక్కడి ప్రభుత్వ నిబంధన. పంపే సంస్థ తరఫు స్థానిక ప్రతినిధి నెలకొకసారైనా పిల్లతో మాట్లాడాలి. జర్మనీకి పంపే సంస్థను కూడా ఇవే అడగండి. ఆ ఊళ్లో మా అమ్మాయి కోసం ఉండే మనిషి ఎవరు? ఆ ఇంట్లో ఇమడలేకపోతే ఎన్ని రోజుల్లో ఇల్లు మారుస్తారు? జవాబులు కాగితం మీద తీసుకుని మీ అత్తగారికి చదివి వినిపించండి.

ఇక అసలు విషయం. కొన్నేళ్ల కిందట విజయవాడ పటమట నుంచి ఒక అబ్బాయి ఇలాగే జర్మనీ వెళ్లాడు. అక్కడ చాలా ఇళ్లలో రాత్రి పూట వంట ఉండదు. రొట్టె ముక్కలు, వెన్న, చీజ్ బల్ల మీద పెట్టుకుని పెందలాడే తినేస్తారు. ఆ భోజనాన్ని వాళ్ల భాషలో ‘సాయంత్రపు రొట్టె’ అనే అర్థమిచ్చే మాటతోనే పిలుస్తారు. మొదటిరోజు ఇంటావిడ ఇంకో రొట్టె కావాలా అని అడిగింది. మనవాడు మర్యాద కొద్దీ వద్దన్నాడు. ఆవిడ సరేనని పళ్లెం తీసేసింది. మన ఇళ్లలో అయితే మారు వడ్డించడానికి మూడుసార్లు బతిమాలుతాం. అక్కడ వద్దంటే వద్దనే అర్థం. పది రోజుల పాటు ఆ పిల్లవాడు ఆకలితో పడుకున్నాడు. ఇంటివారికేమో తమ తిండి అతనికి నచ్చలేదనిపించింది. మనం అమ్మకు కృతజ్ఞతలు చెప్పం, చెబితే పరాయివాళ్లలా ఉంటుంది. అదే అలవాటుతో అతను అక్కడా మౌనంగా తిని లేచేవాడు. దాన్ని వాళ్లు ముభావమనుకున్నారు. చివరికి ప్రతినిధి వచ్చి కూర్చోబెట్టి మాట్లాడితే అందరూ నవ్వుకున్నారు.

భాష అతన్ని ఇబ్బంది పెట్టలేదు. మన నువ్వు, మీరు లాంటి తేడా జర్మన్‌లోనూ ఉంది. ‘ఎందుకంటే’ అని మొదలయ్యే ఉపవాక్యంలో క్రియ మనకులాగే చివరికి చేరుతుంది. తెలుగు పిల్లలకు ఆ చోట్ల పెద్ద కష్టం ఉండదు. ఇబ్బంది పెట్టేది మొహమాటం. ఆకలేస్తోందని చెప్పలేని పిల్ల, ఎవరైనా హద్దు మీరితే ఆ మాట మాత్రం ఎలా చెబుతుంది? నాకున్న భయమల్లా ఇదొక్కటే.

అందుకే ఇప్పటి నుంచి మీ ఇంట్లో అమ్మాయికి ఎవరూ మారు వడ్డించవద్దు. కావాలంటే తానే అడగాలి. తన పళ్లెం తానే కడుక్కోవాలి, తన బట్టలు తానే ఉతుక్కోవాలి. సంక్రాంతి సెలవుల్లో అమ్మమ్మగారింటికి కాకుండా, మీకు బాగా తెలిసిన స్నేహితుల ఇంటికి వారం రోజులు ఒంటరిగా పంపండి. ఆ వారంలో మీరు ఫోన్ చేయకండి. వెళ్లాక రోజూ వీడియోలో కనిపించాలని పట్టుబడితే, పిల్ల శరీరం అక్కడ, మనసు లక్ష్మీపురంలో ఉంటుంది. వారానికొకసారి చాలు.

దరఖాస్తులు ప్రయాణానికి చాలా నెలల ముందే ముగుస్తాయి, కాబట్టి పాస్‌పోర్టు లేకపోతే ఈ వారమే మొదలుపెట్టండి. మైనర్ కనుక పాస్‌పోర్టు దరఖాస్తుకు మీ ఇద్దరి సమ్మతి పత్రం (అనుబంధం డి) జతచేయాలి. సంస్థకు పెట్టే దరఖాస్తులో ఆతిథ్యమిచ్చే కుటుంబానికి అమ్మాయి రాసే ఉత్తరం ఒకటి ఉంటుంది. దాన్ని బట్టే ఎవరో ఒక ఇంటివారు తనను ఎంచుకుంటారు. కుక్కలంటే భయమా, పొద్దున్నే లేవడం బద్ధకమా, గుడ్డు తింటుందా తినదా, ఉన్నది ఉన్నట్లు తననే రాయనివ్వండి. తప్పులున్నా సరే, మీరు దిద్దవద్దు.