జ్వరమే రాలేదు, మరి ఆక్సిజన్ ఎందుకు పడిపోయింది?

ప్రశ్న: డాక్టర్ గారూ, 2021 మేలో మా ఇంట్లో అందరికీ కరోనా వచ్చింది. నాకు రెండు రోజులు ఒళ్లు కాలిపోయే జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చి తగ్గిపోయాయి. పిల్లలిద్దరికీ ముక్కు కారడం తప్ప ఏమీ లేదు. మా నాన్నకు అప్పుడు 64 ఏళ్లు, బీపీ తప్ప వేరే జబ్బు లేదు. ఆరు రోజులు జ్వరమే లేదు, "నాకేం కాలేదు" అంటూ తిరిగారు. ఏడో రోజు ఆయాసం, ఆక్సిజన్ 84. పదకొండు రోజులు ఐసీయూలో ఉండి బయటపడ్డారు. కరోనా వైరస్ మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ కళ్లు కప్పుతుందని ఈమధ్య చదివాను. అదెలా? నాన్నకు ఇమ్యూనిటీ తక్కువా? అప్పటినుంచి రోజూ తిప్పతీగ కషాయం, జింక్ మాత్ర ఇస్తున్నాం. కొనసాగించవచ్చా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: "జ్వరం లేదు కదా, తేలిగ్గా పోతుందిలే" అని మీరనుకోవడంలో తప్పేమీ లేదు. ఆ రోజుల్లో నా ఓపీకి వచ్చిన చాలామంది నోట ఇదే మాట విన్నాను. 2020 మొదట్లో డాక్టర్లం మేమూ జ్వరాన్నే కొలబద్దగా పెట్టుకున్నాం. షాపింగ్ మాల్ గుమ్మంలో నుదుటికి థర్మల్ గన్ పెట్టి లోపలికి పంపింది అందుకేగా!

జ్వరం, వణుకు, ఒళ్లునొప్పులు వైరస్ పెట్టే బాధలని అనుకుంటాం. చాలావరకు అవి మన ఒళ్లే తెచ్చిపెట్టుకునేవి. ఇప్పుడంటే మాత్రలొచ్చాయి గానీ, ఒకప్పుడు హెపటైటిస్ సీ రోగులకు వారానికోసారి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లం. సూది పడిన కొన్ని గంటలకే అచ్చం ఫ్లూ వచ్చినట్టు చలి, జ్వరం, ఒళ్లంతా పీకడం. ఆ సిరంజిలో వైరస్ లేదు. ఉన్నదల్లా మన కణాలు కూడా తయారుచేసుకునే ఒక ప్రొటీన్.

ఆ ప్రొటీన్‌ను 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. చచ్చిన ఫ్లూ వైరస్ తగిలిన కణాలు ఏదో పదార్థాన్ని బయటికి వదులుతున్నాయని, అది తగిలిన కొత్త కణాల్లో బతికున్న వైరస్ పెరగలేకపోతోందని గమనించారు. వైరస్‌కు అడ్డుపడుతుంది కాబట్టి ఇంటర్‌ఫెరాన్ అన్నారు. ఊళ్లోకి దొంగలు వచ్చారని వేసే డప్పు చాటింపు లాంటిది ఇది. దొంగ దూరిన ఇంటివాడు డప్పు కొడితే చుట్టుపక్కల వాళ్లంతా తలుపులు బిగించుకుంటారు. అలాగే ఇంటర్‌ఫెరాన్ అందిన పక్క కణాల్లో వైరస్‌ను ఎదుర్కొనే వందలాది జన్యువులు మేల్కొంటాయి. కొత్త వైరస్‌కు సరిపడా యాంటీబాడీలు, టీ కణాలు అనే రక్షణ కణాలు సిద్ధం కావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అప్పటిదాకా ఊరికి కాపలా ఈ చాటింపే.

కరోనా వైరస్ చేసే మోసమంతా ఈ డప్పు మోగకుండా చూడటమే.

మన కణంలో మామూలుగా ఉండే ఆర్ఎన్ఏ ఒంటిపేట. వైరస్ తనకు నకళ్లు తీసుకునేటప్పుడు పొడవాటి రెండుపేటల ఆర్ఎన్ఏ తయారవుతుంది. అది కంటపడితే చాలు, ఎండీఏ5, రిగ్-ఐ లాంటి కాపలా ప్రొటీన్లు గోల మొదలుపెడతాయి. అందుకని ఈ వైరస్ నకళ్ల పనిని బాహాటంగా పెట్టుకోదు. కణంలో ఉన్న పొరలనే లాగి, రెండేసి పొరల సంచులు కుట్టుకుని, వాటి లోపల కూర్చుని పని చేసుకుంటుంది. తయారైన నకళ్లు ఆ సంచికున్న సన్నని రంధ్రాల్లోంచి బయటికొస్తాయి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నట్టే ఉంటుంది వ్యవహారం.

బయటికొచ్చిన ఆర్ఎన్ఏ దొరికిపోదా అంటే, దానికీ ఏర్పాటుంది. మన ఆర్ఎన్ఏ మొదట్లో 'ఇది మనదే' అని చెప్పే రసాయన ముద్ర ఒకటి ఉంటుంది. ఎన్ఎస్‌పీ14, ఎన్ఎస్‌పీ16 అనే సొంత ఎంజైముల సాయంతో వైరస్ అచ్చం అలాంటి దొంగముద్రే తన ఆర్ఎన్ఏకీ వేసుకుంటుంది. ఎన్ఎస్‌పీ15 అనే ఇంకో ఎంజైమ్, అనుమానం తెప్పించే తోక ముక్కల్ని కత్తిరించేస్తుంది.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది మాత్రం ఎన్ఎస్‌పీ1 అనే వైరస్ ప్రొటీన్. కణంలో ప్రొటీన్లు తయారుచేసే మరను రైబోజోమ్ అంటారు. పిండిమరలో గింజలు పోసే నోట్లో గుడ్డ కుక్కితే ఏమవుతుంది? ఎన్ఎస్‌పీ1 సరిగ్గా ఆ పనే చేస్తుంది. సందేశం తెచ్చే ఆర్ఎన్ఏ రైబోజోమ్‌లోకి దూరే దారికి అడ్డంగా కూర్చుంటుంది. కాపలా ప్రొటీన్లు దొంగను పసిగట్టినా, 'ఇంటర్‌ఫెరాన్ తయారుచేయండి' అనే చీటీ మర దాకా వచ్చినా, అక్కడ మర ఆడదు. మరి వైరస్ ప్రొటీన్లెలా తయారవుతాయంటారా? దాని ఆర్ఎన్ఏ తల దగ్గర ఒక చిన్న గుర్తు ఉంటుంది. అదున్న వాటిని ఎన్ఎస్‌పీ1 అడ్డుకోదు. ఊరి మరను ఆక్రమించుకుని తన బస్తాలు మాత్రమే ఆడించుకునే గూండా అనుకోండి.

ఇక పక్కింటి డప్పు విన్న కణం సంగతి. ఆ కబురును స్టాట్1 అనే ప్రొటీన్ కేంద్రకంలోకి మోసుకెళ్లాలి. అప్పుడే ఆ వందలాది జన్యువులు లేచేది. వైరస్ అప్పటికే ఆ కణంలోకీ దూరి ఉంటే, దాని ఓఆర్ఎఫ్6 ప్రొటీన్ కేంద్రకం గేటుకు అడ్డం పడి స్టాట్1ను వెలుపలే నిలబెట్టేస్తుంది.

ఇన్ని ఉపాయాలకు చోటెక్కడిదంటే, కరోనా వైరస్ జన్యుపత్రం దాదాపు 30 వేల అక్షరాలు. ఫ్లూ వైరస్‌ది అందులో సగం కూడా ఉండదు. 2020 చివర బ్రిటన్‌లో బయటపడ్డ ఆల్ఫా వేరియంట్ అయితే ఓఆర్ఎఫ్6, ఓఆర్ఎఫ్9బీ లాంటి నోరునొక్కే ప్రొటీన్లను అంతకుముందు రకాలకన్నా ఎక్కువగా తయారుచేసింది. మనమంతా స్పైక్ ప్రొటీన్ చుట్టూనే మాట్లాడుకుంటుండగా, వెనక గదిలో ఈ మార్పులూ జరిగిపోయాయి.

డప్పు మోగదు కాబట్టి ఆ మొదటి రోజుల్లో మనిషి బాగానే తిరుగుతుంటాడు, గొంతులో వైరస్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. లక్షణాలు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందే ఇంకొకరికి అంటుకునేది ఇందుకే. ఆ థర్మల్ గన్నులు పట్టుకోలేకపోయిందీ వీళ్లనే.

ఒకే ఇంట్లో మూడు తరాలకు మూడు రకాలుగా ఎందుకు వచ్చిందన్నది మీ ప్రశ్నలో అసలు ముడి. పిల్లల ముక్కు లోపలి కణాల్లో కాపలా ప్రొటీన్లు ముందుగానే ఎక్కువ మోతాదులో సిద్ధంగా ఉంటాయని బెర్లిన్ పరిశోధకులు చూపించారు. వైరస్ సంచులు కుట్టుకునేలోపే అక్కడ డప్పు మోగిపోతుంది. మీ రెండు రోజుల జ్వరం కూడా, బాధగా ఉన్నా, వేళకు మోగిన డప్పే. వయసు పైబడేకొద్దీ ఈ స్పందన నెమ్మదిస్తుంది. ఇంకో కారణమూ ఉంది. 2020 అక్టోబరులో వచ్చిన ఒక అధ్యయనంలో, ప్రాణాపాయ స్థితికి చేరిన 987 మంది కరోనా రోగుల్లో 101 మంది రక్తంలో సొంత ఇంటర్‌ఫెరాన్‌నే పనిచేయనివ్వని యాంటీబాడీలు కనబడ్డాయి. ఆ 101 మందిలో 95 మంది మగవాళ్లు. జబ్బు తేలిగ్గా పోయిన 663 మందిలో ఒక్కరికీ లేవు. ఇవి వయసుతో పెరుగుతాయని తర్వాత తేలింది. నాన్నగారికి ఇవే ఉన్నాయని నేననడం లేదు. మన ల్యాబుల్లో మామూలుగా చేసే పరీక్ష కాదది, దాని కోసం తిరగొద్దు.

'నాన్నకు ఇమ్యూనిటీ తక్కువా?' అన్నదానికి నేను అవునని గానీ కాదని గానీ అనలేను. మొదటి వారంలో తక్కువ, రెండో వారంలో మరీ ఎక్కువ. ఆలస్యంగా మేల్కొన్న ఊరు కత్తులూ కర్రలూ పట్టుకుని ఒక్కసారిగా వీధుల్లో పడితే దొంగకన్నా ఇళ్లకే ఎక్కువ నష్టం. ఏడో రోజున ఆయన ఊపిరితిత్తుల్లో జరిగింది అదే అయుంటుంది. అప్పుడు ఆ రక్షణ వ్యవస్థ దూకుడును అణిచే స్టెరాయిడ్ పనికొస్తుంది. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో, రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్‌తో వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీదున్నవాళ్లలో అయిదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం లాభం కనబడలేదు. అయినా సెకండ్ వేవ్‌లో ఎవరో వాట్సాప్‌లో పంపిన చీటీ పట్టుకుని రెండో రోజునుంచే స్టెరాయిడ్ మింగినవాళ్లను ఎందరినో చూశాను. వైరస్ చేయాల్సిన పని మనమే చేసిపెట్టాం. దానికి తోడు షుగర్ పెరిగింది, బ్లాక్ ఫంగస్ వచ్చింది. ఇప్పటికీ గుర్తొస్తే కోపమే వస్తుంది.

ఇంటర్‌ఫెరాన్‌నే మందుగా ఇవ్వొచ్చు కదా అనిపిస్తుంది. డబ్ల్యూహెచ్‌ఓ సాలిడారిటీ ట్రయల్‌లో ఆస్పత్రిలో చేరినవాళ్లకు ఇచ్చి చూశారు, మరణాలు తగ్గలేదు. ఇల్లు కాలాక బావి తవ్వినట్టయింది. బ్రెజిల్, కెనడాల్లో లక్షణాలు మొదలైన వారంలోపే లామ్డా రకం ఇంటర్‌ఫెరాన్ ఒక్క ఇంజెక్షన్ ఇస్తే ఆస్పత్రి అవసరం సుమారు సగానికి తగ్గిందని 2023లో ఫలితాలొచ్చాయి. అది ఇంకా మామూలు వాడకంలోకి రాలేదు.

తిప్పతీగ, జింక్ రెండూ ఇవాళే ఆపేయండి. తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న రోగుల గురించి ముంబయి డాక్టర్లు 2021లోనే రాశారు. జింక్ మాత్రలు ఎక్కువ మోతాదులో ఏళ్ల తరబడి వేసుకుంటే ఒంట్లో రాగి తగ్గిపోతుంది. దాంతో రక్తహీనత, కాళ్ల తిమ్మిర్లు వస్తాయి, తెల్లరక్తకణాలు కూడా పడిపోతాయి. ఇమ్యూనిటీ కోసం మింగిన మాత్రే కాపలాదారులను తగ్గిస్తుందన్నమాట!

టీకాతో అలా కాదు. డప్పు మోగినా మోగకపోయినా పనికొచ్చే యాంటీబాడీలను, టీ కణాలను అది ముందే తయారుచేసి ఉంచుతుంది. నాన్నగారు ఎన్ని డోసులు తీసుకున్నారో చూసి, ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి కూడా మీ డాక్టర్‌తో మాట్లాడండి. మళ్లీ దగ్గు, జలుబు వస్తే జ్వరం కోసం ఎదురుచూడొద్దు. రెండు మూడు రోజుల్లోనే పరీక్ష చేయించండి, వైరస్‌ను అణిచే మాత్రలు మొదటి అయిదు రోజుల్లో మొదలుపెడితేనే ఉపయోగం. వాటిలో కొన్ని బీపీ మందులతో పొసగవు కాబట్టి ఆయన వాడే మాత్రల పేర్లన్నీ డాక్టర్‌కు చెప్పాలి. పల్స్ ఆక్సీమీటర్‌తో పూటకోసారి చూడండి. చెయ్యి చల్లగా ఉన్నా, గోరింటాకు ఉన్నా రీడింగ్ తప్పు రావచ్చు. 94 లేదా అంతకన్నా తక్కువ వస్తే, ఆయన "నాకేం కాలేదు" అంటున్నా సరే, ఆస్పత్రికి తీసుకెళ్లండి.

కషాయం ఇన్నేళ్లు తాగారు కాబట్టి ఈ వారంలో లివర్ ఫంక్షన్ టెస్టు, కంప్లీట్ బ్లడ్ పిక్చర్ చేయించండి. రిపోర్టులు పంపేటప్పుడు బీపీ మాత్ర పేరు, మోతాదు కూడా రాయండి. మీ ఉత్తరంలో అవి లేవు.