పాట వేరు, రికార్డు వేరు: అల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

ఆశీస్సులు. రాక్, పాప్ బ్యాండ్‌లకి పాటలు రాస్తూ, ఆ పాటల్ని నువ్వే ప్రొడ్యూస్ చేస్తూ, అంటే రికార్డింగ్‌ని దగ్గరుండి తీర్చిదిద్దుతూ, కొన్నేళ్లలో దీన్నే బతుకుతెరువు చేసుకోవాలని ఉందన్నావు. చేసుకోవచ్చు. కానీ ఈ పనిలో తయారయ్యే ఆస్తులు రెండని మొదటిరోజు నుంచీ గుర్తుంచుకో. ఒకటి పాట, అంటే మాటలు, ట్యూను. ఎవరు పాడినా అదే పాట. రెండోది రికార్డు, అంటే ఫలానా గొంతుతో, ఫలానా గదిలో పట్టిన శబ్దం. పనిలో వచ్చే చిక్కులూ డబ్బు దగ్గర వచ్చే గొడవలూ చాలావరకు ఈ రెండింటినీ కలగలిపేయడం వల్లే వస్తాయి.

ముందు పాట సంగతి. స్టూడియో బుక్ చేయడానికి ముందు వారం రోజులు రిహార్సల్ గదికి కేటాయించు. మొదటిరోజు డ్రమ్ములు, పెడళ్లు పక్కన పెట్టించి గాయకుణ్ణి ఒక్క గిటారుతో పాడమని ఫోన్‌లో రికార్డు చెయ్యి. అప్పుడు నిలబడని పల్లవి తర్వాత నలభై ట్రాకులు పేర్చినా నిలబడదు. పల్లవి తేలిపోతుంటే కొత్త సింథ్ శబ్దం వెతకడం సుఖంగా ఉంటుంది, అందుకే అందరూ అదే చేస్తారు. నువ్వు చెయ్యకు.

తర్వాత లెక్క చూడు. 120 బీపీఎంలో, అంటే నిమిషానికి 120 బీట్ల వేగంలో, నాలుగు బీట్ల బారు సరిగ్గా రెండు సెకన్లు. ఇంట్రో 4 బార్లు, చరణం 16, పల్లవికి ఎక్కించే మెట్టు 4, మొత్తం 24 బార్లంటే 48 సెకన్లకి పల్లవి వస్తుంది. పాప్‌కి ఇది సరిపోతుంది. అదే పాటని 90 బీపీఎంకి దింపితే పల్లవి 64వ సెకనుకి గానీ రాదు. అప్పుడు ఇంట్రో సగం కొయ్యాలి, లేదా చరణం 8 బార్లకి కుదించాలి. టెంపో ఖాయం చేసేటప్పుడు గిటారిస్టుని కాదు, గాయకుణ్ణి చూడు. పల్లవిలో ఊపిరి తీసుకోవడానికి చోటు దొరుకుతోందా అన్నదే పరీక్ష. రెండు మూడు బీపీఎంలు అటూ ఇటూ మార్చి పాడిస్తే తేడా నీకే తెలుస్తుంది.

శ్రుతిని చివరి పల్లవిలోని అతి పై స్వరం దగ్గర పరీక్షించు, అదీ గాయకుడు రెండు గంటలు పాడి అలిసిన తర్వాత. ఉదయం హాయిగా అందిన స్వరం సాయంత్రం అరుపవుతుంది. అరమెట్టు దింపాల్సి వస్తే గిటారిస్టు గొడవ పెడతాడు, అతని రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటారు ముక్క) అంతా వేలు నొక్కని ఓపెన్ తీగల మీద కట్టుకుని ఉంటాడు గనక. గిటారు మెడకి బిగించే క్యాపో శ్రుతిని పైకి తీసుకెళ్తుందే తప్ప కిందకి దింపదు. కాబట్టి గిటార్లు, బేస్ అన్నీ అరమెట్టు దించి శ్రుతి చేయించు. తీగలు వదులై సరిగ్గా మోగకపోతే ఒక సైజు లావు తీగలు వేయించి, ఫ్రెట్ల మీద శ్రుతి మళ్లీ సరిచేయించు. ఈ పని రికార్డింగ్‌కి రెండు రోజుల ముందే అయిపోవాలి. కొత్త తీగలు సాగి కుదురుకోవడానికి కొంత సమయం కావాలి.

తెలుగులో రాక్ రాసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇంగ్లిష్ ఒరవడిలో డమ్మీ మాటలతో ట్యూను కట్టి, దాని మీద తెలుగు పరిచినప్పుడు. మన భాషలో అచ్చు పొడవు మారితే అర్థమే మారిపోతుంది. ‘కల’ని రెండు బీట్లు లాగితే వినేవాడికి ‘కాల’ అని వినిపిస్తుంది, ‘పడి’ కాస్తా ‘పాడి’ అవుతుంది. అందుకని సాగదీసే చోట దీర్ఘం ఉన్న మాట వెయ్యి, గట్టి బీటు మీద గురువు పడేలా చూడు. లఘువులు గుంపుగా ఉన్న మాటలు పరుగెత్తే చరణానికి పనికొస్తాయి. పై స్వరం మీద ‘ఆ’, ‘ఏ’, ‘ఓ’ పడితే గొంతు విచ్చుకుంటుంది. ‘ను’, ‘డు’, ‘ము’ పడితే నోరు మూసుకుపోయి స్వరం నలుగుతుంది. తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి నిజానికి మనకున్న వసతి చాలా భాషలకి లేదు. కాస్త ఏరుకుంటే చాలు. ఈ మాటల పని ముగిశాకే రికార్డింగ్ తేదీ ఖాయం చెయ్యి. బూత్‌లో నిలబడి మాటలు మార్చుకునే పాటకి గంటల అద్దె కట్టలేం.

ఇక రికార్డు. గదికి నురగ ముక్కలు అంటించడంతో మొదలుపెట్టకు. రెండు అంగుళాల నురగ పై ధ్వనుల్నే తింటుంది, బేస్ అలాగే మిగిలి గది బుర్రబుర్రలాడుతుంది. మూలల్లో నాలుగంగుళాల రాక్‌వూల్ పలకలు, గోడకి కొంచెం ఎడంగా పెట్టించు. ఇంట్లో గొంతు పట్టడానికి రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె), ఒక కండెన్సర్ మైకు, ఒక డైనమిక్ మైకు చాలు. డ్రమ్ములకి మాత్రం స్టూడియోకే వెళ్లు. తోళ్లు ముందురోజు మార్పించి, శ్రుతి చేయించి, స్నేర్ (డ్రమ్ సెట్‌లో చురుగ్గా మోగే ముఖ్యమైన డ్రమ్) తోలు ఒకటి అదనంగా సంచిలో పెట్టుకో. పైన వేలాడే రెండు మైకులూ స్నేర్ నడిబొడ్డు నుంచి సమాన దూరంలో ఉన్నాయో లేదో దారంతో కొలిచి చూడు. కొలవకపోతే స్నేర్ ఒక పక్కకి జారి, మోనోలో, అంటే రెండు చానళ్లూ ఒకటిగా కలిపి విన్నప్పుడు, పలచబడుతుంది. స్నేర్ అడుగున పెట్టిన మైకుకి పొలారిటీ, అంటే శబ్ద తరంగం దిశ, మామూలుగా తిప్పాలి. తిప్పి విను, తిప్పకుండా విను, ఏది లావుగా మోగితే అదే ఉంచు.

గిటారు యాంప్‌తో పాటు యాంప్ లేకుండా నేరుగా కంప్యూటర్‌కి పంపే డీఐ ట్రాక్ కూడా పట్టు. శబ్దం తర్వాత నచ్చకపోతే వాయించినవాణ్ణి మళ్లీ పిలవకుండా ఆ ట్రాకుని ఇంకో యాంప్‌లోంచి పంపొచ్చు. అంతా 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో, పీక్‌లు మైనస్ 10 డీబీ దగ్గర ఆగేలా పట్టుకో. ఎర్ర లైటు దాకా తోస్తే బలం వస్తుందన్నది టేపు రోజుల అలవాటు, డిజిటల్‌లో వచ్చేది పగుళ్లే.

గొంతు దగ్గర తొందర పనికిరాదు. మైకుకి, నోటికి మధ్య జానెడు దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్. ‘ప’, ‘ఫ’, ‘భ’లకి గాలి కొడుతుంటే మైకుని నోటి ఎదుట నుంచి కాస్త పక్కకి తిప్పు. కంప్యూటర్ శబ్దాన్ని కాసేపు ఆపి పంపే బఫర్ 128 శాంపిల్స్ దాటనివ్వకు, దాటితే తన గొంతు తనకే ఆలస్యంగా వినిపించి గాయకుడు తడబడతాడు. స్వరం జారుతుంటే వెంటనే ‘మళ్లీ పాడు’ అనకు. ముందు హెడ్‌ఫోన్ లెవెల్ తగ్గించు, ఒక చెవి తీసి పాడమను. చాలాసార్లు అక్కడితో సర్దుకుంటుంది. ఐదారు పూర్తి టేకులు తీసుకుని వాక్యం వాక్యంగా మంచివి ఏరి కుట్టు. ఊపిరి శబ్దాలన్నీ కోసెయ్యకు, మనిషి పాడుతున్నట్టే ఉండదు. పిచ్ సరిచేసే సాఫ్ట్‌వేర్ ఆ తర్వాతి మాట. గొంతుని అక్కడక్కడా దిద్దడానికి అది మంచిదే. పాట మొత్తం దానికి అప్పగిస్తే అందరి గొంతూ ఒకటే అవుతుంది.

మిక్స్ గురించి ఎక్కువ రాయను, అది చెవి పని. మోనోలో విను, ఫోన్‌లో విను, ఆటో స్పీకర్లో విను. లౌడ్‌నెస్ పందెంలోకి దిగకు. స్పాటిఫై మామూలుగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరికి తెచ్చి వినిపిస్తుంది, నువ్వు నలిపి పెంచినదాన్ని అది తిరిగి తగ్గించేస్తుంది. ట్రూ పీక్, అంటే శబ్దం నిజంగా చేరే గరిష్ఠ స్థాయి, మైనస్ 1 డీబీ దాటనివ్వకు. అప్పగించేటప్పుడు పూర్తి మిక్స్, ఇన్‌స్ట్రుమెంటల్, గొంతు ఒక్కటే ఉన్నది, విడి స్టెమ్‌లు (వాద్యాల వారీ ట్రాకులు) అన్నీ ఒకేసారి ఇచ్చెయ్. ఆరు నెలల తర్వాత ప్రకటనకి ఇన్‌స్ట్రుమెంటల్ అడిగితే ఆ సెషన్ తెరుచుకోదు, అందులో వాడిన ప్లగిన్లు (అదనపు సాఫ్ట్‌వేర్లు) మారిపోయి ఉంటాయి.

ఇక డబ్బు. పాట పుట్టిన రోజే, గది దాటకముందే ఒక కాగితం రాయండి. పాట పేరు, తేదీ, ప్రతి ఒక్కరి అసలు పేరు, ఎవరు ఏం రాశారు, ఎవరి వాటా ఎంత, మొత్తం వంద, సంతకాలు. ఫొటో తీసి బ్యాండ్ గ్రూపులో పెట్టు. పాట ఆడాక ఈ సంభాషణ మొదలుపెడితే స్నేహాలు తెగుతాయి. ట్యూనులోనో మాటల్లోనో నీ చెయ్యి ఉంటే పాటలో వాటా అడుగు. డ్రమ్ శబ్దం మార్చడం, గిటార్లు పేర్చడం ప్రొడక్షన్, దానికి రికార్డు వైపు నుంచి డబ్బు రావాలి. వాళ్లు పూర్తిచేసి తెచ్చిన పాటకి ఒక మాట మార్చి పదో వంతు అడిగేవాళ్లున్నారు. ఆ చెడ్డపేరు ఊరంతా పాకుతుంది. 1987లో వచ్చిన ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ డెఫ్ లెపార్డ్ ఆల్బం ‘హిస్టీరియా’లో ప్రతి పాటకీ దాని ప్రొడ్యూసర్ మట్ లాంగ్‌కి సహరచయితగా పేరుందంటే, ఆయన బ్యాండ్‌తో కూర్చుని ఆ పాటల్ని రాసినవాడు కాబట్టే.

రికార్డు వైపు ప్రొడ్యూసర్‌కి ఫీజు, దానికి తోడు మూడు నాలుగు పాయింట్లు, అంటే అన్ని శాతాల రాయల్టీ, ఇంగ్లండ్, అమెరికా ఒప్పందాల్లో మామూలు. బీటిల్స్‌ని రికార్డు చేస్తున్న జార్జ్ మార్టిన్ అంతటివాడికి ఈఎంఐ రికార్డు కంపెనీలో జీతమే తప్ప రాయల్టీ లేకపోయింది. 1965లో బయటికొచ్చి తోటివాళ్లతో ఏఐఆర్ సంస్థ పెట్టుకున్నాడు. అమెరికన్ రికార్డింగ్ ఇంజనీర్ స్టీవ్ ఆల్బీని దారి దీనికి పూర్తిగా వేరు. 1993 నాటి నిర్వాణా ఆల్బం ‘ఇన్ యుటెరో’కి కూడా ఒక్కసారి ఫీజు తీసుకుని రాయల్టీ వద్దన్నాడు, బ్యాండ్ సంపాదనలో ఎప్పటికీ వాటా తినడం తప్పని ఆయన నమ్మకం. గౌరవించాల్సిన మాటే. కానీ చేతినిండా పని ఉన్నవాడికి అది సాధ్యం, నువ్వింకా ఆ దశలో లేవు.

ఒప్పందంలో ఒక్క వాక్యం వెతుకు, ఖర్చు తీరాక నీ వాటాని ఎక్కణ్ణుంచి లెక్కిస్తారన్నది. ఉదాహరణకి రికార్డింగ్ ఖర్చు 5 లక్షలు, గాయకుడి నికర వాటా 15 శాతం, నీది 3 శాతం అనుకో. గాయకుడి వాటాలోంచి ఖర్చు తీరాలంటే 33 లక్షల 33 వేల రాబడి రావాలి. ఖర్చు తీరాక మొదటి రూపాయి నుంచీ లెక్కగట్టి ఇస్తామని రాసుంటే ఆ రాబడి మీద నీకు లక్ష వస్తుంది. అడ్వాన్సు 60 వేలు తీసుకుని ఉంటే మిగతా 40 వేలు చేతికొస్తాయి. ఆ మాట లేకపోతే 33 లక్షల మీద నీకు సున్నా, లెక్క అక్కణ్ణుంచే మొదలవుతుంది.

మన దేశంలో ఇంకో మెలిక ఉంది. కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, రికార్డింగ్ హక్కు దాన్ని చేయించే చొరవ, బాధ్యత తీసుకున్నవాళ్లది. కన్సోల్ ముందు కూర్చున్నంత మాత్రాన నీకు రాదు, రాసుకుంటేనే వస్తుంది. పాట విషయంలో మాత్రం 2012 సవరణ రచయితకి, స్వరకర్తకి గట్టి అండ. సినిమాకి చేసినదైనా విడి పాటైనా హక్కులు కొన్నవాళ్లతో సమానంగా రాయల్టీ పొందే హక్కుని వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఎవరికీ రాసివ్వలేవు. ‘అన్నీ మాకే’ అన్న కాగితం ఎవరైనా ముందు పెడితే ఈ సంగతి మర్యాదగా గుర్తుచెయ్. రచయితల, స్వరకర్తల కాపీరైట్ సొసైటీ అయిన ఐపీఆర్‌ఎస్‌లో సభ్యుడివి కాకపోతే, ప్రతి పాటా అక్కడ నమోదు చేయకపోతే ఆ హక్కు కాగితం మీదే మిగిలిపోతుంది.

నమోదులోనూ రెండు ఆస్తులకి రెండు నంబర్లు. రికార్డింగ్‌కి 12 అక్షరాంకెల ఐఎస్‌ఆర్‌సీ, పాటకి ఐఎస్‌డబ్ల్యూసీ. రీమిక్స్ చేస్తే కొత్త ఐఎస్‌ఆర్‌సీ కావాలి, అదే రికార్డింగ్‌ని ఇంకో ఆల్బంలో వేస్తే పాతదే ఉంచాలి. మార్చేస్తే అప్పటిదాకా వచ్చిన స్ట్రీములన్నీ రెండుగా చీలిపోతాయి. రాయల్టీ ఫ్రీ లూపులు (ఎవరైనా కొనుక్కుని వాడుకునే తయారు వాద్య ముక్కలు) వాడిన పాటని, ఇతరుల వీడియోల్లో నీ పాటని పట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీలో పెట్టకు. అదే లూపు కొన్న ఇంకెవరి వీడియోకో నీ పేరున క్లెయిమ్ వెళ్తుంది, గొడవై, పాటల్ని స్ట్రీమింగ్ సైట్లకి చేర్చే డిస్ట్రిబ్యూటర్ నీ ఖాతా ఆపుతాడు.

మన పేర్లతో వచ్చే తంటా ఒకటుంది. ఒకచోట ఇంటిపేరు పొడి అక్షరాల్లో, ఒకచోట పూర్తిగా, ఇంకోచోట చివర్లో రాస్తే డేటాబేసుల్లో ముగ్గురు మనుషులవుతావు, డబ్బు ముగ్గురికీ పంచుకుపోతుంది. ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒకటి ఈ వారమే ఖాయం చేసుకుని, పాన్ కార్డుతో సరిపోయేలా చూసి, ఐపీఆర్‌ఎస్ దరఖాస్తులోనూ డిస్ట్రిబ్యూటర్ ఖాతాలోనూ అదే వాడు. దరఖాస్తు పంపే ముందు నాకు ఒకసారి వాట్సాప్ చెయ్యి, చూసి చెప్తాను.

మీ మామయ్య